కొసరుగా వచ్చిన క్రోమ్ పూత

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు అప్పుడప్పుడే మొదలైన కాలంలో, బంగారంలాంటి లారీ ఇంజన్‌ను వరంగల్‌లో నాకంటే చవగ్గా చంపినవాడు లేడని ధైర్యంగా చెప్పగలను. కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. సోలెడు శనగలు కొన్నా గుప్పెడు కొసరు వేయించుకోకుండా మెట్టు దిగితే మా ఇంట్లో అన్నం పెట్టేవారు కాదు (పెట్టేవారు, కానీ నాన్న చూసే చూపుకు ముద్ద దిగేది కాదు). అందుకే మేనమామ తన లారీ ఇంజన్ విప్పించినప్పుడు బేరాలన్నీ నాకు అప్పగించాడు. అది మామూలు ఇంజన్ కాదు. ఎక్కువ బరువు లాగాలని డీజిల్ పంపు పెంచి బలం పుట్టించినది. ఆ వేడికి పిస్టన్లు ఆడే గొట్టాలు, అదే లైనర్లు, ఏడాదికే అరిగిపోయేవి. వాటి లోపల క్రోమ్ పూత పూయిస్తే ఆగుతాయని మెకానిక్ అన్నాడు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర దగ్గర పడుతోంది. ఆ కిరాయిలతో లారీలో భాగస్తుడికున్న వాటా కొనేసి బండిని సొంతం చేసుకోవాలని మామ ఆశ. పూయించాలా వద్దా అని ఊగి ఊగి, చివరికి నన్ను పంపాడు.

ప్లేటింగ్ దుకాణం సేటు చెప్పిన ధరను సగానికి దింపాను. ఇక కొసరు మిగిలింది. పిస్టన్ల చుట్టూ ఉండి లైనర్లకు రాసుకుంటూ తిరిగే రింగుల మీద పడింది నా కన్ను.

"పిస్టన్ రింగులకు సుత పూయి సేటూ, ఊరికెనే."

"లైనర్లకు పూస్తే రింగులకు పూయొద్దు తమ్మీ. రెండూ గట్టియే అయితే ఒకదాన్నొకటి గీరుకుంటయ్. ఇంజన్ పట్టేస్తది."

ఊరికే ఇవ్వాల్సి వస్తే దుకాణదారు ఏం చెబుతాడో నాకు తెలియదా? కొసరు అడిగినవాళ్లకు మా నాన్న "ఆ పప్పు నీకు అరగదమ్మా" అనేవాడు. నవ్వి, చెప్పులు తొడుక్కుని నడిచాను. వెనక నుంచి కేక రావాలి, వచ్చింది.

"ఓ తమ్మీ, ఆగు! పైసలొద్దు, పూస్త. గని రేపొచ్చి నా మీద పడొద్దు!"

"గప్పుడు సూద్దాం తియ్ సేటూ!"

"ఊరికెనే ఎట్ల పూసిండ్రా? మాయగానివిరా నువ్వు!" అని మామ మురిసిపోయాడు. రింగులు బిగిస్తూ మెకానిక్ ఏదో గొణిగాడు కానీ, జాతర తొందరలో గొణుగుడు ఎవరికి వినిపిస్తుంది?

జాతరకు బయల్దేరాం: లారీ నిండా బెల్లం ముద్దలు, వాటి మీద జనం, జనం ఒళ్లో కోళ్లు. ములుగు దాటామో లేదో ఇంజన్ గీమని అరిచి, నల్లగా పొగ కక్కి ఆగిపోయింది. పైనుంచి అత్తమ్మ గొంతు: "ఏంరా అల్లుడా, నీ కొసరు కూస్తాందా?" వెనకబడిన ఎడ్లబళ్లన్నీ మమ్మల్ని దాటిపోయాయి. ఒక బండిలోంచి ముసలమ్మ తల బయటికి పెట్టి, "లారీకి జర గడ్డెయ్యకపోయిండ్రా బిడ్డా!" అంది.

జాతర ముగిశాక లెక్క నేనే రాశాను. కొత్త లైనర్లు, కొత్త రింగులు, గీసుకుపోయిన పిస్టన్లు, తాడు కట్టి లాక్కొచ్చిన లారీ కిరాయి, జనానికి తిరిగిచ్చిన చార్జీలు, పోయిన జాతర. భాగస్తుడు భాగస్తుడిగానే ఉండిపోయాడు. ఇన్నేళ్ల తర్వాత, ఆనాటి నేను, ఆ కుర్రాడు, తలపుకొస్తే కోపం రాదు, నవ్వే వస్తుంది. ఎందుకంటే కాగితం చదివి, మీసం దువ్వుకుని మామ అడిగింది ఒక్కటే:

"అండ్ల ఎంత తగ్గిస్తవ్ రా?"

"పైసా తగ్గదు మామా," అన్నాను.