కౌంటరు మామ కలిపిన గ్లాసు

మందు ముట్టనని చర్చిలో ఇచ్చిన మాట నేను తప్పానని మా చుట్టాలంతా ఇన్నేళ్లుగా అంటున్నారు. అసలేం జరిగిందని నన్ను ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల్లో అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గరి బారులో గ్లాసులు కలిపే పెద్దాయన్ని అందరూ కౌంటరు మామ అనేవారు. ఆయన మనిషిని చూసి కలిపేవాడు. బస్తాలు మోసి చెమటతో వచ్చినవాడికి సోడాలో ఉప్పు వేసేవాడు. దగ్గుతున్నవాడికి ఐసు ఇచ్చేవాడు కాదు. ఎవరేం అడిగినా, "మీది మీకే కలిపిత్తాను బాబూ" అనేవాడు.

ఒక సాయంత్రం కశింకోట బావ నన్ను అక్కడికి లాక్కెళ్లాడు. "ఏటి బావా, ఒక్క పెగ్గుకే పాస్టరుగారు గుర్తొత్తన్నారేటి?" అని బారంతా నవ్వేలా అరిచాడు. మామ నా ముఖం ఒక్కసారి చూసి, అటు తిరిగి, రమ్ము రంగు గ్లాసొకటి తెచ్చి పెట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నల్లబెల్లం, నిమ్మరసం వాసన! ధైర్యంగా ఓ గుక్క వేశాను. మిరియాల ఘాటుకి నా ముఖం నిజంగానే వంకర్లు తిరిగింది. బావ చప్పట్లు కొట్టాడు. నా మాటా నిలిచింది, పరువూ నిలిచింది. అలాంటి పనివాడు ఏ పెద్ద హోటల్లోనైనా ఉంటే చూపించండి. మా అనకాపల్లిలో ఉండేవాడు.

తన గ్లాసు ఖాళీ కాగానే బావ నాది లాక్కుని తాగాడు. మామ వైపు చూశాడు, నా వైపు చూశాడు, నవ్వుతూ గ్లాసు కింద పెట్టాడు. ఇంటికెళ్లి మాత్రం నేను మందు తాగానని చెప్పాడు.

బావా, ఆ గ్లాసులో ఏముందో మనవాళ్లందరి ముందు ఇప్పటికైనా చెప్పు.