రెండు మార్పుల వరకు

డిజైన్ పని మొదలుపెట్టిన కొత్తలో ధర చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. ఎంతవుతుందని అడిగితే "మీ ఇష్టం" అనేదాన్ని. వరంగల్‌లో ఆ మాట అంటే బీరువా తాళాలు చేతికిచ్చినట్టే. ఒక పెళ్లికార్డుకు పిల్ల తరఫువాళ్లు, పిల్లగాడి తరఫువాళ్లు, ఆఖరికి మేనమామలు కూడా మార్పులు చెప్పి, ఒక స్వీటు డబ్బా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. స్వీట్లు మాత్రం బాగున్నాయి.

"మీ ఇష్టం" అంటే నిజంగా న్యాయంగా ఇచ్చింది నేను చాచా అని పిలిచే పెద్దాయన ఒక్కడే. కాశిబుగ్గలో ఆయనకు జంపఖానాల దుకాణం. లేబుల్ చేయించాలంటే ఒక జంపఖానా ముక్క భుజాన వేసుకుని మా ఇంటికే వచ్చేవాడు. కుర్చీ నా పక్కకు లాక్కుని, ఆ ముక్కను కంప్యూటర్ తెరకు ఆనించి, "ఈ ఎరుపు గాదు బిడ్డా, జర మాగాలె" అనేవాడు. ఎంతకీ మాగేది కాదు. మధ్యలో అమ్మ చాయ్ ఇచ్చేది. నాకు విసుగొచ్చేది, నవ్వూ వచ్చేది. సాయంత్రానికి ఆ ఎరుపు ఎక్కడినుంచో దొరికేది.

తర్వాత హైదరాబాద్‌లో ఇదే పని చేసే అక్క ఒకామె ఫోన్లో నాకు గట్టిగా క్లాసు పీకింది. అడగందే అమ్మయినా పెట్టదు, ఎన్ని గంటలు పడుతుందో లెక్కేసి ధర చెప్పు, అది రెండు మార్పుల వరకేనని ముందే రాసివ్వు అంది. ఒక్కొక్కరికి ఒక్కో రేటు ఉండొద్దని కూడా చెప్పింది. అలాగే రాసి అందరికీ పంపాను, చాచాకు కూడా.

చాచా బేరమాడలేదు. అడ్వాన్సు పంపి, రంగులు ఫోన్లోనే చెప్పి, నన్ను మేడం అన్నాడు. నా ధరలో తప్పేం లేదు, ఇప్పటికీ అంతే తీసుకుంటున్నాను. కరెంటు బిల్లుకు అమ్మ ముందు చేయి చాచడం లేదు. అయినా, ఎవరైనా పక్కన కూర్చుని నా పనిలో వేలుపెడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరైనా ఏంటి, చాచానే.

మొన్న కొత్త లేబుల్ చూడటానికి ఆయనే వచ్చాడు. ప్రాణం లేచొచ్చింది. నిలబడే చాలాసేపు చూశాడు. రంగు నచ్చలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఏమన్నా మార్చాల్నా చాచా అని అడిగాను.

"రెండుసార్లు అయిపాయె గద మేడం. ఇగ ఉండనియ్యుండ్రి."

పైసలొద్దు, జర కూర్చోండి అన్నాను.

"అట్లనొద్దు మేడం, మీ కష్టం గదా," అని చెప్పులు వేసుకున్నాడు.