అట్టలక్క చదివిన పదకొండు నవలలు

అట్టలక్క చేతిలో పుస్తకం పడిందంటే దాని పని అయిపోయినట్టే. వెన్ను కిందికి వచ్చేలా చెక్క మీద పెట్టి, రెండు అట్టలూ చెరోపక్కకి విరిచి, లోపలి కాగితాన్ని మోకాలితో అదిమిపట్టి, అట్టకీ కాగితానికీ మధ్య సందులో కత్తి దించి ఒక్క లాగు లాగుతుంది. పటుక్కున ఎముక విరిగినట్టు చప్పుడు. అట్ట ఎడమ గుట్టలోకి, కాగితం కుడి గుట్టలోకి. కాగితం మిల్లు గుజ్జు తొట్టిలో అట్ట మీది ప్లాస్టిక్ పొర కరగదు కాబట్టి, పాత కాగితాల యార్డులో ఈ కోత లేకుండా ఏ పుస్తకమూ కాగితాల్ని నొక్కి బేలు మోపులు కట్టే ప్రెస్సులోకి పోదు. రోజుకి నాలుగు వందల పుస్తకాలు. ఆరేళ్లుగా అదే పని. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

అందులో మొదటి ఐదేళ్లూ ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. చదువు రాక కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పదమూడో ఏట ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని బడినుంచి తెచ్చుకున్న కథల పుస్తకం చదువుతుంటే పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నాన్న కర్ర కోసం వెతుక్కోలేదు. ఆమె చేతిలోని పుస్తకమే లాక్కుని దానితోనే కొట్టాడు. నెత్తిన, చెంపన, చెవి మీద, పుస్తకం వెన్ను పగిలి కాగితాలు గదంతా పరుచుకునేదాకా. ఆ కథలో చివరికి ఎవరు గెలిచారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అది మొదలు ముప్పై ఒక్క ఏళ్లు పుస్తకం ముఖం చూడలేదు.

పెళ్లయ్యాక కొట్టే చెయ్యి మారింది, అంతే. మొగుడు అదే యార్డులో లోడెత్తే మనిషి. తొంభై కిలోల బేలు ఒంటిచేత్తో దొర్లిస్తాడు. అదే చేత్తో ఆమె పై పన్ను ఒకటి ఊడగొట్టాడు, ఎడమ చెవిలో ఎప్పటికీ ఆగని ఒక ఈల పెట్టాడు. ఎందుకు కొట్టావని అడిగినవాళ్లు లేరు. ఏం చేశావని ఆమెనే అడిగారు.

పోయిన ఏడు ఎక్కడో ఒక బడి మూతపడి, దాని లైబ్రరీ మొత్తం లారీలో యార్డుకి వచ్చింది. అన్నీ పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం రాసిన నవలలు. వాటిలో మొదటిదానికి అట్ట ఊడదీసి, కత్తికి పదును తగ్గితే రాయి మీద నూరుతూ ఉంది. మోకాలి కిందనుంచి ఒక వాక్యం కంటబడింది.

"మా అన్న పళ్లు రెండు నా జేబులో ఉన్నాయి."

కత్తి నూరడం ఆగిపోయింది. ఎవరు ఊడగొట్టారు? జేబులో ఎందుకు పెట్టుకుంది? పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. నలభై నిమిషాలకొకసారి బేలుకి వైరు కట్టడానికి ప్రెస్సు ఆపుతారు. అది పది నిమిషాలు. ఆ పదేసి నిమిషాల్లో మూడు రోజులకి పుస్తకం పూర్తిచేసింది. అట్ట ఎప్పుడో ఎడమ గుట్టలో కలిసిపోయింది గనక పేరు తెలియదు. తనే పెట్టుకుంది: "పళ్ల జేబు".

ఆ తర్వాత వరసపెట్టి చదివింది. "గుర్రాల దొంగ", "మంచు బడి", "కవలల కొట్లాట". నచ్చిన వాటిని కాగితాల గుట్టలోకి వెయ్యకుండా తన అన్నం డబ్బా సంచిలో వేసుకునేది. యార్డులో పూచికపుల్ల కూడా బయటికి పోకూడదని నియమం. గేటు దగ్గర కాటా వేసే ముసలాయన సంచి విప్పి చూశాడు.

"ఇదేంటమ్మాయ్?"

"పుస్తకం బాబాయ్."

"అట్ట లేనిది పుస్తకమెట్లా అవుద్ది? చిత్తుకాగితం. పొట్లాలకి పట్టుకుపోతున్నావ్. నాకు చత్వారం, నేనేం చూళ్లేదు" అని సంచి మూతి తనే ముడేశాడు.

ఇష్టమైనవి ఇష్టం కానివి తేల్చడానికి అట్టలక్కకి ఒకే కొలత. మొదటి పది పేజీల్లో దెబ్బ పడాలి. "పిల్లని మొదట కొట్టిందెవరో చెప్పకుండా చెట్ల గురించీ మబ్బుల గురించీ చెప్పే పుస్తకం నాకొద్దు" అనేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్లందరికీ కథలు చెప్పేది. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఆమె తోటికోడలు. వైర్లు కట్టే పని ఆమెది. అక్షరం ముక్క రాదుగానీ కథ పిచ్చి.

"అక్కా, నిన్న ఆ మంచు బడిలో పిల్లలు మాస్టారిని బొగ్గుల గదిలో పెట్టి తాళమేశారు. ఆపేశావ్. రాత్రంతా నాకు ఆయనే గుర్తొచ్చాడు."

"జాలా?"

"జాలా పాడా. ఇంకో తాళం కూడా వేస్తే బావుండుననిపించింది."

అలా పది నవలలయ్యాయి. పదకొండోది వచ్చేదాకా అది ఆమెకు సరదాయే.

పదకొండోదాంట్లో పద్నాలుగేళ్ల పిల్ల. సవతి తండ్రి కరెంటు తీగతో కొడతాడు. ఆ పిల్ల మంచం కింద ఇనపకడ్డీ ఒకటి దాచుకుంటుంది. రోజూ దాన్ని ఎత్తి చూసుకుంటుంది, బరువు చేతికి అలవాటు కావాలని. చివరి అధ్యాయంలో ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు. పిల్ల కడ్డీ తెచ్చి వెనక నిలబడుతుంది. రెండు చేతులూ పైకెత్తుతుంది. అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాత పేజీ లేదు.

అట్టలక్క పుస్తకం వెనక్కి తిప్పి చూసింది. తేమకి చివరి కాగితాలు వెనకట్టకి అతుక్కుపోయి ఉంటాయి. అట్టతోపాటే కోసేసింది. ఎవరో కాదు, తనే. ఆ శనివారం సాయంత్రం యార్డు మూసేదాకా ఎడమ గుట్టలో చేతులు పెట్టి వెతికింది. దొరకలేదు. మంగళవారం లారీ వస్తుంది, అట్టలన్నీ ఇటుక బట్టీకి పోతాయి. కొట్టిందా, ఆగిందా? ఆ ఒక్క సంగతీ తెలియకపోతే తిన్నది ఒంటబట్టేలా లేదు ఆమెకు.

ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని పనికత్తి నూరుకుంది. ప్రతి ఆదివారమూ ఇంటికి తెచ్చి నూరడం అలవాటు. నూరడం అయ్యాక ఆ ఆఖరి పేజీనే మళ్లీ తీసి చదువుతోంది. మొగుడు తాగి వచ్చాడు. బట్టల తీగ మీద అతని చొక్కా లేదు.

"ఏమే, చొక్కా ఏది?"

"తడిపా. ఉతుకుతా ఉండు, ఈ పేజీ..."

పేజీ అన్న మాట పూర్తికాలేదు. పుస్తకం లాక్కున్నాడు, దానితోనే మొహమ్మీద కొట్టాడు. పెదవి చిట్లింది. రెండో దెబ్బకి ముక్కు. మూడో దెబ్బ చెవి మీద, ఈల ఉన్న చెవి మీదే. అట్ట లేని పుస్తకం ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది? వెన్ను విడిపోయి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. నొప్పి కంటే ముందు ఆ చప్పుడే వినిపించింది ఆమెకు. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి చప్పుడు.

"పెద్ద చదువులు చదువుతోంది. ఉద్ధరిస్తుంది. పొయ్యిలో పెడతా నీ చదువు" అంటూ కాగితాలు ఏరడానికి వంగాడు. కాలి కింద కాగితం జారింది. వెల్లకిలా పడ్డాడు. కుడిచెయ్యి అరచెయ్యి పైకి ఉండేలా ఆమె పక్కనే చాపుకుని ఉంది.

తర్వాత జరిగింది ఆలోచించి చేసింది కాదు. మోకాలు దానంతటదే వెళ్లి మణికట్టుని అదిమింది. ఎడమచెయ్యి బొటనవేలిని పక్కకి విరిచింది. పక్కనున్న కత్తి కుడిచేతికి వచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో దిగింది. రోజుకి నాలుగు వందలసార్లు చేసే పనే. ఇక మిగిలింది ఒక్క లాగు.

మొగుడు కేక వేయలేదు. ఊపిరి బిగబట్టి అన్నాడు. "ఏయ్... చెయ్యి. లోడెత్తే చెయ్యే అది."

"తెలుసు. నా మొహానికి బాగా తెలుసు."

నెత్తురు కాగితాల మీదికి పారుతోంది. ఆమె కత్తి వైపు చూసింది. గోరు లోతు దిగింది. లాగితే వేలు వస్తుంది. లాగడానికి మోచెయ్యి సిద్ధంగా ఉంది. అసలు లాగకుండా ఆగడానికే బలం చాలడం లేదు. ఎంతసేపు అలా ఉందో తెలియదు. చివరికి మోకాలు తీసింది, కత్తి తీసింది. అతను తువ్వాలు చుట్టుకుని తలుపు కూడా దగ్గరికి వెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆమె కత్తి కడిగి, చెదిరిన కాగితాలు ఏరుకుంది.

సోమవారం యార్డులో తోటికోడలు పక్కన చేరింది.

"అక్కా, బావగారు మా ఇంట్లో మూల కూర్చున్నారు. ఏడు కుట్లు పడ్డాయి. బేలు వైరు కోసుకుందని మేస్త్రికి కబురుపెట్టారు."

"ఆఁ, వైరే."

"వైరుకి మోకాలు కూడా ఉంటుందా అక్కా? మణికట్టు నల్లగా కమిలిపోయింది."

అట్టలక్క చిట్లిన పెదవితోనే నవ్వబోయి ఆగింది. "ఒక పని చేసిపెడతావా? నాకో అట్ట వెతకాలి."

మధ్యాహ్నం అన్నం డబ్బాలు పక్కనపెట్టి ఏడుగురు ఆడవాళ్లు అట్టల గుట్ట మీద పడ్డారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె మొహం చూస్తే చాలు. ముసలాయన కూడా కాటా వదిలి వచ్చి, చత్వారం సంగతి మరిచిపోయి అట్టలు తిరగేశాడు. చివరికి తోటికోడలి చేతికే దొరికింది. బూజు పట్టిన వెనకట్ట, దానికి అతుక్కుని రెండు కాగితాలు. ఎండలో పెట్టి, కత్తి మొనతో పొరపొరగా విడదీసింది అట్టలక్క. పేజీ సంఖ్య సరిపోయింది. చుట్టూ అందరూ కూర్చున్నారు. పైకి చదవడం మొదలుపెట్టింది.

పిల్ల చేతులెత్తిన క్షణాన సవతి తండ్రికి మెలకువ వస్తుంది. కడ్డీని చూడనేలేదు. సిగరెట్లకని బయటికి వెళతాడు. వీధి మలుపులో లారీ గుద్దుతుంది, చచ్చిపోతాడు. పిల్ల ఏడుస్తుంది. పిన్ని వచ్చి తీసుకుపోతుంది. సమాప్తం.

అట్టలక్క కాగితం వెనక్కి తిప్పి చూసింది, ఇంకేమీ లేదు.

"లారీయా?" అంది తోటికోడలు.

"మన లారీ కాదుగా?" అన్నాడు ముసలాయన. "మనది అంత జోరుగా పోదులే."

అందరూ నవ్వారు. అట్టలక్క మాత్రం నవ్వలేదు. పళ్లు కొరికింది. "ఇంత కథ చెప్పి, పిల్ల చేతికి కడ్డీ ఇచ్చి, ఎత్తించి, తీరా ఆ క్షణానికి రాసినాయనకి చేతులు రాలేదు. లారీని పిలిచాడు." ఆ రెండు కాగితాలూ నలిపి ప్రెస్సులో పడేసింది. ఇష్టమైన నవలల్లో మొదటిది ఏదని అడిగితే ఇప్పటికీ పదకొండోదే అంటుంది, ఆ రెండు కాగితాలు తీసేసి.

"మరి ఆ పిల్ల ఏం చేసిందక్కా? నిజంగా?"

అట్టలక్క కత్తిని గోనెకి తుడుస్తూ చెప్పింది. "ఎత్తింది. దించబోయింది. ఆగింది."

"ఎందుకాగింది? వాడు మళ్లీ కొట్టడూ?"

"జాలితో కాదు. చేతికి అది తేలిగ్గా వచ్చేసిందని భయమేసి ఆగింది. ఒకసారి వచ్చేసిన పని మళ్లీ చెప్పకుండానే వస్తుంది. కానీ కడ్డీని మళ్లీ మంచం కింద దాచలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనించింది. వాడు నిద్రలేచేసరికి ఎదురుగా అదే కనిపించాలి."

"కనిపించిందా?"

"కనిపించింది."

అన్నాల వేళ అయిపోయి ప్రెస్సు మళ్లీ మొదలైంది. ఎవరి చోటికి వాళ్లు లేచారు.

గురువారం సాయంత్రం మొగుడు వచ్చాడు. చేతికి కట్టు. గుమ్మం పక్కన కొత్త మేకు, మేకుకి పనికత్తి. అట్టలక్క లోపల గోడకి ఆనుకుని పన్నెండో నవల మొదటి పేజీల్లో ఉంది. అతను కత్తిని చూశాడు, ఆమెను చూశాడు, చెప్పులు విప్పబోయి ఆగాడు.

"తినడానికేమన్నా ఉందా?" అన్నాడు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"అధ్యాయం అయ్యేదాకా బయటే కూర్చో" అంది తల ఎత్తకుండా.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె కుడి మోచెయ్యి దానంతటదే వెనక్కి లాగబోయింది. ఆ రోజు లాగకుండా వదిలేసిన ఒక్క లాగు ఇంకా అందులోనే ఉంది. ఆ చేతిని ఒళ్లో పుస్తకం కింద అదిమిపెట్టి, పేజీ తిప్పింది.