కార్డు మీద ఆమె రాసిన పేరు

పోయిన జూలై రెండో ఆదివారం, పొద్దున పదకొండు దాటి ఇరవై నిమిషాలు. కమలాపురంలో మా చర్చి హాలు గోడ గడియారంలో చూశాను. ప్రార్థన ముగిసి జనం ఇళ్ళకు పోయారు. కడపలో ఆడిటరు దగ్గర పనిచేసే ఒకామె నెలకో ఆదివారం ఇక్కడికి వచ్చి, పైసా తీసుకోకుండా పేదసాదలకు ఇన్‌కంటాక్సు రిటర్నులు వేసిపెడుతుంది. ఆ రోజు నా వంతు ఆఖరు.

రిటర్ను నాది కాదు, నా భార్యది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. అందరి కూలీ ఆమె పేరు మీదే వచ్చింది. ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకున్నారు. అది వెనక్కి రాకముందే, ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. వస్తే కుట్టినవాళ్ళందరికీ వాటా ఉంది. అందుకే మా మరదలు నన్ను లాక్కొచ్చింది. మరదలూ ఆ గుంపులోనే కుట్టేది.

"వారసునిగా నువ్వు వెయ్యొచ్చు పెద్దాయనా," అంది కడప ఆమె. "నీ భార్య పాన్ కార్డు కాపీ పెట్టల్ల. కార్డు ఉండాదా?"

"పోయింది."

"యాడ పోయింది?"

"యాడ పోయిందో తెలిస్తే పోయిందని ఎందుకంటానమ్మా?"

"మా బావ మాట నమ్మొద్దు మేడం," అంది మరదలు. "అంగీ జేబులో ఉండాది. పొద్దున ప్రార్థన సేపంతా తడుముకుంటానే ఉండె. దేవుని ముందర గూడా అబద్ధమే."

పాస్టరయ్య కుర్చీలు సర్దుతూ నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

"ఉండాది. ఇయ్యను," అన్నాను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఈ హాల్లోనే సాయంత్రం బడి పెడితే ఆమె పోయి నేర్చుకుంది. నేను సిగ్గుపడి పోలేదు. ఇంట్లో గుడ్డలు కత్తిరించే బల్ల మీద, గుడ్డల మీద గీతలు గీసే సుద్దతోనే రాసి నాకు చూపించేది. అరచేతి వెడల్పు అక్షరాలు. నేను దిద్దాక చీర చెంగుతో తుడిచేసి గుడ్డ పరిచేది. ఆమె రాసినవన్నీ అట్లా తుడుచుకుపోయాయి. పాన్ కార్డుకు వేలిముద్ర చాలన్నారు. ఆమె వినలేదు, పేరు రాసింది. గడిలో పట్టక చివరి అక్షరం కిందికి జారింది. ఆమె చేతిరాతగా నాకు మిగిలింది అదొక్కటే.

ఆమె చనిపోయాక ఆఫీసులో ఓటరు కార్డు ఇచ్చాను, తిరిగి రాలేదు. బ్యాంకు పుస్తకం ఇచ్చాను, రాలేదు. ఇది కూడా ఇస్తే ఏం మిగులుతుంది?

ఇదంతా అక్కడ చెప్పలేదు. "ఇచ్చినవి ఒకటీ తిరిగి రాలేదమ్మా," అన్నాను, అంతే.

మరదలు తల వంచుకుంది. "మా అక్క రాత మాకూ కావల్ల బావా. కానీ కుట్టినోళ్ళకు నేనేం చెప్పల్ల? దినమూ అడుగుతాండారు."

తన మనుషుల కూలి ఒక్క రోజు ఆలస్యమైతే నా భార్య అన్నం తినేది కాదు.

"నాకు ఇయ్యొద్దు పెద్దాయనా," అంది కడప ఆమె. "నీ చేతిలోనే పెట్టుకో. నేను ఫోటో తీసుకుంటా."

జేబులోంచి తీసి పట్టుకున్నాను. ఆమె ఒక ఫోటో తీసి చూసుకుంది. "నీ బొటనవేలు సంతకం మీద ఉండాది. కొంచెం జరుపు."

జరపడానికి కొంత సేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

రెండోసారి తీసి, సరిగ్గా వచ్చిందో లేదోనని ఫోనులో సంతకాన్ని పెద్దది చేసింది. అక్షరాలు పెరిగి పెరిగి బల్ల మీద సుద్ద అక్షరాలంత అయ్యాయి. జారిన ఆ చివరి అక్షరం కూడా.

"ఇంకొంచేపు అట్లే ఉండనీమ్మా," అన్నాను.

ఉండనిచ్చింది. తర్వాత దరఖాస్తులో వారసుడు అన్నచోట నేను సంతకం చేశాను. గడి దాటకుండా రాశాను. చూసి మెచ్చుకోవలసిన మనిషి లేదు.

ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్ళం: కడప నుంచి వచ్చిన ఆమె, మా మరదలు, పాస్టరయ్య, నేను. నలుగురం. నా భార్య ఉంటే ఐదుగురం.