నా మాట నమ్మిన ల్యాబ్ మావయ్య గారు

మా ల్యాబ్ మావయ్య గారు పోయారు. మొన్న పొద్దున్న నేను పాఠాలు చెప్పే స్కూలుకి బయలుదేరుతుంటే ధవళేశ్వరం నుంచి అమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. "ఏ మావయ్య గారు?" అని అడిగాను. నాకున్న ల్యాబ్ మావయ్య గారు ఒక్కరే. అయినా అడిగాను.

"కడుపులో పుండు పడి ఎప్పట్నుంచో రక్తం పోతుందంటమ్మా. ఎవరికీ తెలీలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఒంట్లో రక్తమే లేదన్నారంట," అంది అమ్మ.

ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రక్తం లేకపోవడమేంటి? ముప్పై ఏళ్ళు ఊరందరి రక్తం పరీక్ష చేసిన మనిషికి రక్తం లేకపోవడమేంటి? ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. ధవళేశ్వరంలో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవారు. రాజమండ్రిలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్. అమ్మ ఆయన్ని "అన్నయ్య గారూ" అని పిలిచేది కాబట్టి నాకు మావయ్య గారయ్యారు.

నాకు తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. పిల్లలకి వచ్చే రకం, ఇన్సులిన్ సూది తప్ప ఇంకే మందూ పనిచేయనిది. తొంభైల్లో మా వైపు చిన్నపిల్లకి షుగరంటే జనం వింతగా చూసేవారు. "అన్ని స్వీట్లు పెట్టారేంటండీ?" అని అమ్మనే అడిగేవారు. మా ఇంట్లో షుగరు చూసే మీటరు లేదు. మావయ్య గారు పొద్దున్న ల్యాబుకి వెళ్తూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి మా గుమ్మం ముందు స్కూటరు ఆపి తన మీటరుతో చూసేవారు. అంకె చెబితే అమ్మ ఒక నోటుపుస్తకంలో రాసుకునేది.

"ఏ వేలు ఇస్తావు తల్లీ?" అని అడిగి గానీ గుచ్చేవారు కాదు. నాకసలే ముక్కు మీద కోపం. ఒకరోజు "మీ వేలే ఇవ్వండి" అన్నాను. ఆయన నిజంగానే ముందు తన వేలు గుచ్చుకుని, అంకె నాకు చూపించి, "నాదైపోయింది. ఇక నీది," అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ పేచీ పెట్టలేదు.

మా అమ్మ భయస్తురాలు. తీపి అనే మాట వినబడితే చాలు, ఇంట్లోంచి ఆ వస్తువు మాయమయ్యేది. బెల్లం పోయింది, ఖర్జూరం పోయింది, నువ్వులుండలు పోయాయి. పిల్ల నోరు కట్టేశానన్న బాధతో వాటన్నిటికీ బదులు ఒకటి కనిపెట్టింది. పంచదార లేని టీ. అన్నం తిన్న ప్రతిసారీ చెయ్యి కడుక్కునేలోపు గ్లాసుడు టీ తెచ్చి నా ముందు పెట్టేది. "ఇందులో తీపి లేదు, ఎంతైనా తాగు" అనేది. మిగతా పిల్లలకి లేని దర్జా నాకుందని నేనూ మురిసిపోయేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు డాక్టరు గారు మూడు నెలల టెస్టు రాశారు. గడిచిన మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో చెప్పే టెస్టు అది. అంకె చాలా ఎక్కువ వచ్చింది. మూడు నెలలాగి చేస్తే మళ్ళీ ఎక్కువే. డాక్టరు గారు అమ్మ పుస్తకం తిరగేసి, "రోజూ రాసినవి బాగానే ఉన్నాయి, ఇదేమో ఇలా ఉంది. పాప చాటుగా ఏదో తింటోందమ్మా," అని ఇన్సులిన్ పెంచారు.

ఇంటికొచ్చాక నాన్న పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను తినలేదని చెప్పాను. ఒట్టేశాను, ఏడ్చాను. ఎవరూ నమ్మలేదు. అదే వారంలో ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి నా మూతి చుట్టూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. అమ్మ చూసింది. ఒక్క మాట కూడా అడగకుండా చెంప మీద కొట్టింది. తర్వాత నాకంటే ఎక్కువ తనే ఏడ్చింది. ఆ రాత్రి అన్నం కలిపి పెడుతూ కూడా నా మొహం చూడలేదు. దొంగని అనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు పదకొండేళ్ళకే తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత బడిలో ప్రార్థన దగ్గర చెమటలు పట్టి పడిపోయాను. టీచరుగారు నోట్లో గ్లూకోజు పోసి ఇంటికి పంపారు. అమ్మ పరుగెత్తుకెళ్ళి, ఆ రోజు ఆలస్యమై ఇంకా ల్యాబుకి బయలుదేరని మావయ్య గారిని పిలుచుకొచ్చింది. ఆయన మీటరు పెట్టి చూశారు. అంత గ్లూకోజు పోశాక కూడా అంకె తక్కువగానే ఉంది. ఆయన అమ్మ వైపు తిరిగారు.

"చెల్లెమ్మా, పిల్ల దొంగతనంగా పంచదార తింటుంటే షుగరు ఇంత కిందికి ఎలా పడుద్దండీ?"

"మూతికి అంటుకున్నది నా కళ్ళతో చూశానండీ అన్నయ్య గారూ," అంది అమ్మ.

ఆయన నా పక్కన మంచం మీద కూర్చున్నారు. తిన్నావా అని అడగలేదు. "పంచదార కాదని నాకు తెలుసు. మరి ఏంటమ్మా అది?" అన్నారు.

ఆ ఒక్క మాటకి నా ఏడుపు కట్టలు తెంచుకుంది. పుస్తకాల సంచీ తెచ్చి ఆయన ఒళ్ళో బోర్లించాను. అడుగు నుంచి బలపాలు రాలాయి. సగం కొరికినవి, పొడైపోయినవి. బడి పక్క బడ్డీలో కొనుక్కుని రోజూ నమిలేదాన్ని. ఎందుకు తినాలనిపిస్తుందో నాకే తెలియదు. బలపాలు తింటే కడుపులో పాములు పుడతాయని అమ్మ కొడుతుందన్న భయంతో ఆ సంగతి దాచాను.

మావయ్య గారు నా కింది రెప్ప లాగి చూశారు. అమ్మని కూడా చూడమన్నారు. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం తీసుకుని ల్యాబుకి పట్టుకెళ్ళారు. సాయంత్రం వచ్చి చెప్పారు, నా ఒంట్లో ఇనుము అడుగంటిపోయిందని, బలపాలు తినాలనిపించేది అందుకేనని.

"ఇనుము లేకపోతే కొత్త రక్తకణాలు సరిగ్గా పుట్టవండి. పాతవే తిరుగుతుంటాయి. పాత చొక్కాకి మురికి ఎక్కువ పట్టదా? అలాగే వాటికి చక్కెర ఎక్కువ పట్టేసి ఉంటుంది. మూడు నెలల టెస్టు కొలిచేది దాన్నే. ఆ చొక్కా చూసి, పిల్ల రోజూ బురదలో దొర్లిందంటే ఎలాగండీ?"

మర్నాడు ల్యాబుకి సెలవు పెట్టి మాతో డాక్టరు గారి దగ్గరికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే తను చూసినదంతా చెప్పారు. డాక్టరు గారు మంచివారు, చివరిదాకా విన్నారు. ఇన్సులిన్ తగ్గించి ఇనుము మాత్రలు రాశారు. అన్నం తినగానే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని ఆయన చెప్పినప్పుడు అమ్మ మొహం పాలిపోయింది. అంత ప్రేమగా పెట్టిన గ్లాసు అది.

మాత్రలు అయ్యాక మళ్ళీ చేసిన టెస్టులో అంకె దిగింది. బలపాల మీద ఆశ దానంతటదే పోయింది. ఆ కాగితం పట్టుకుని అమ్మ వీధిలోనే నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. స్కూటరు మీద ఉన్న మావయ్య గారు, "అంకె అబద్ధం చెప్పదండీ, కానీ అంతా చెప్పదు. మిగతాది పిల్లనే అడగాలి," అన్నారు.

మొన్న ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉంటే అమ్మ అత్తయ్య గారి చేతులు పట్టుకుని ఒకటే మాట అంది. "వదిన గారూ, నా బిడ్డని నేనే నమ్మలేదండీ. ఆయన నమ్మారు." అక్కడున్నవాళ్ళంతా నా వైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూశాను. ఎందుకో మీకు మాత్రం చెబుతాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల క్రితం నేను ధవళేశ్వరం వెళ్ళాను. వరండాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మావయ్య గారు మా నాలుగు మెట్లూ ఎక్కి, పై మెట్టు మీదే కూలబడ్డారు.

"ఈ మధ్య నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేస్తుంది తల్లీ. బొత్తిగా ఓపికుండటం లేదు," అన్నారు.

నేను పేపరు మీంచి తలెత్తలేదు. "వయసైపోయింది మావయ్య గారూ! ఇక ఆ స్కూటరు తోలడం మానండి," అని నవ్వాను.

"అంతేనంటావా?"

"అంతేనండీ."

ఆయన కూడా నవ్వారు. కాసేపు కూర్చుని లేచారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. చివరి మెట్టు మీద ఆగి నా వైపు తిరిగారు. ఏదన్నా మర్చిపోయారేమో అనుకున్నాను.

"అంతేలే," అన్నారు.

నేను తర్వాతి పేపరు తీసుకున్నాను.