పశువు మూతి పెట్టని గన్నేరు

1997 వానాకాలంలో, పుంగనూరులో చావుబతుకుల్లో ఉన్న పాడియావును నేనొక్కణ్ణే బతికించాను. డాక్టరుకు ఏ మందు వెయ్యాలో కూడా నేనే చెప్పాను. మదనపల్లెలో నా నర్సరీకి వచ్చినవాళ్లకు ఏళ్లతరబడి ఈ కథ ఇలాగే చెప్పాను. కొందరికి ఒక ఆవు, నోరు తెరుచుకుని వినేవాళ్లకు రెండు.

మొక్కలు పెంచుకునేవాళ్లు చదువుతారు గనక ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఆవు ఒక్కటే. దాని ప్రాణం మీదికి తెచ్చింది నేనే.

రాజమ్మది పుంగనూరు శివారు. భర్త పోయాక ఆ ఒక్క ఆవు పాలమీదే ఇద్దరు కూతుళ్లను చదివిస్తూండేది. ఇంటిముందు కంచెకు మొక్కలు కావాలని వస్తే గులాబీరంగు గన్నేరు చూపించాను. "నీళ్లు లేకపోయినా బతుకుతుందమ్మా. ఏడాదంతా పూలు. పశువు మూతి పెట్టదు" అన్నాను. ఎందుకు పెట్టదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆకు నుంచి వేరు దాకా విషమే అంటే ఎవరు కొంటారు?

నాలుగేళ్లకు కంచె దారిమీదికి ఒరిగింది. ప్రూనింగ్‌కు, అంటే కొమ్మలు కత్తిరించడానికి, నన్నే పిలిచింది. సగం కత్తిరించి, కొమ్మలు కొట్టం పక్కనే కుప్పవేసి, మిగతాది రెండు రోజుల తర్వాత చేద్దామని వచ్చేశాను. చెట్టుమీది పచ్చి ఆకు చేదు, పశువు వాసన చూసి వదిలేస్తుంది. కోసి వాడబెట్టిన ఆకుకు చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి మాత్రం అలవాటుగా కుప్ప వేసింది.

మళ్లీ వెళ్లేసరికి ఆవు తలవాల్చి నురగ కారుస్తోంది.

"ఏందప్పా ఇది? నిన్న బాగుండె. పొద్దున్నుంచి నెమరు లేదు, కాళ్లు నిలవలేదు" అంది రాజమ్మ.

"ఆ కుప్పలో తినిందేమో..."

"తింటే ఏమి? పశువు మూతి పెట్టదంటివే!"

"పచ్చిది తినదమ్మా. వాడింది తింటాది. అది విషం."

"ఆ మాట ఆ పొద్దే చెప్పేదానికి నీకేం రోగం?" అని, అంతలోనే, "తిట్లు తర్వాత. ముందు ఆ కుప్ప ఎత్తెయ్, దాని నోట్లో ఉండే ఆకు తియ్యి" అంది.

నేను గన్నేరు కొమ్మ ఒకటి పట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. కొమ్మ చూడగానే డాక్టరుకు ఇక ఊహించే పని లేకపోయింది. వెంటనే కొట్టానికి వచ్చి, విషాన్ని పట్టి ఉంచే బొగ్గుపొడిని నీళ్లలో కలిపి గొట్టంతో కడుపులోకి పంపాడు. గుండెకు సూది వేశాడు. "ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. ఇంకో గుప్పెడు తినుంటే నా చేతుల్లో లేదు" అన్నాడు. మూడో రోజు ఆవు నెమరు వేసింది. తాను చెప్పేవరకు పాలు వాడొద్దని డాక్టరన్నాడు గనక రాజమ్మ అన్నాళ్లూ పితికి గుంతలో పోసింది.

"కంచె పీకెయ్యనా అమ్మా?" అని అడిగాను.

"యాల పీకేది? పూలు బాగుండాయి. దాని గుణం చెప్పి అమ్మప్పా, సాలు."

ఆ మాటకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. ఆ తర్వాత విషపు మొక్కల కుండీలన్నిటికీ ఎర్రరంగు పూశాను. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, కొమ్మలు కాల్చకుండా పశువుకూ మేకకూ అందనిచోట గుంత తీసి పూడ్చండి, పని అయ్యాక సబ్బుతో చెయ్యి కడుక్కోండి, ఎవరైనా తింటే ఆ కొమ్మతో సహా డాక్టరు దగ్గరికి పోండి అని అడగకపోయినా చెబుతాను. కుప్పం నుంచి వచ్చిన ఒక జంట పాకే బిడ్డను చంకనేసుకుని, మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా కావాలన్నారు. కొరికితే నోరు, నాలుక వాచిపోతాయని చెప్పి మల్లె అంటు ఇచ్చి పంపాను.

పోయిన వారం పుంగనూరు వెళ్లి ఇదంతా రాజమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా వింది.

"అంతా సరే గానీ, కొమ్మ తీసుకోని పరిగెత్తింది నువ్వు యాడప్పా? నా పెద్దకూతురు. నువ్వు ఆవు మెడ పట్టుకోని ఏడస్తాంటివి."