అరచేతిలో రాసుకున్న పేరు

ఆళ్లగడ్డ కంప్యూటర్ సెంటర్లో మా సారు లినక్స్‌లో ఏ ప్రోగ్రాం ఎక్కించబోయినా, అది ముందు ఇంకో ప్యాకేజీ కావాలని అడిగేది. మాకు నెట్ లేదు. సారు ఆ పేరు అరచేతిలో రాసుకుని, నెట్ ఉండే నంద్యాలకు బస్సెక్కి, ఆ ప్యాకేజీని ఫ్లాపీలో తెచ్చేవారు. కాగితం ఇస్తే విసుక్కునేవారు.

"కాగితం పోతాది. చెయ్యి యాడికి పోతాదప్పా?"

సారు జబ్బుపడి నంద్యాల ఆసుపత్రిలో చేరాక చూడ్డానికి వెళ్లాను.

"సిస్టం మళ్లీ ఇంకొకటి అడుగుతాంది సార్" అన్నాను.

లేవలేని మనిషి నా పెన్ను లాక్కుని ఆ పేరు అరచేతిలో రాసుకున్నారు. "నేనే తెస్తాలే."

ఉండబట్టలేక ఆ రోజే నేను దాన్ని నంద్యాలలో ఫ్లాపీలోకి తీసుకుని, సెంటర్‌కి తీసుకెళ్లి ఎక్కించాను. ఈసారి అది ఇంకేమీ అడగలేదు. ఆ మాట చెబుదామని మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

సారు ముఖం మీద అప్పటికే దుప్పటి కప్పేశారు. బయటికి జారిన అరచేతిలో ఆ పేరు ఇంకా చెరగలేదు.